975లో లెక్కకొచ్చేది ఎంత?

2024 ఏప్రిల్‌లో మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇంటర్ ఎంపీసీలో 975! సీఎస్‌ఈ వచ్చేసినట్టే కదా?" వాళ్లది ఆంధ్రా బోర్డు.

ముందు ఇంగ్లిష్, సంస్కృతం మార్కులు 388 తీసెయ్యమన్నాను. (సంస్కృతంలో 198 వచ్చాయని ఇంట్లో పాయసం కూడా చేశారట, పాపం.) ఏపీ ఈఏపీసెట్ చూసేది గ్రూప్ సబ్జెక్టుల 600 మాత్రమే. అందులో తనకి 587. వాటికి వెయిటేజీ 25 శాతం, అంటే దాదాపు 24.5 చేతికొచ్చినట్టే. మిగతా 75 శాతం ఎంట్రన్స్‌ది, అది 160 మార్కులకి.

ఇక్కడే అసలు సంగతి. షిఫ్టుల నార్మలైజేషన్ పక్కన పెట్టి లెక్కేస్తే, ఇంటర్‌లో ఒక మార్కు విలువ సుమారు 0.04, ఎంట్రన్స్‌లో ఒక బిట్టుది 0.47. ఒక్క బిట్టు పదకొండు ఇంటర్ మార్కులతో సమానం! 570 వచ్చినవాడికీ 590 వచ్చినవాడికీ మధ్య తేడా రెండు బిట్లంత కూడా ఉండదు.

తెలంగాణలో అయితే 2023 నుంచి ఈ వెయిటేజీయే లేదు. గ్రూప్‌లో 45 శాతం, రిజర్వేషన్ ఉంటే 40 శాతం దాటితే చాలు, ర్యాంకు మొత్తం ఎంట్రన్స్‌దే.

చెప్పడం అయ్యాక అవతల కాసేపు చప్పుడు లేదు. ఎంట్రన్స్‌కి ఇంకా నెల ఉంది.

"సరే గానీ, ఫిజిక్స్ ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటావ్?" అంది.