గృహ బీమా

గృహ బీమా అనగా నివాస గృహమునకు, అందలి సామానుకు అగ్ని, వరద, గాలివాన, భూకంపము, పిడుగు మొదలగు వాటివలన కలుగు నష్టమును ప్రీమియం పుచ్చుకొని బీమా సంస్థ భర్తీ చేయు ఒప్పందము. ఇది సాధారణ బీమాలో ఒక శాఖ. భారతదేశములో సాధారణ బీమా 1973 జనవరి 1న జాతీయము చేయబడినది. 1999 నాటి చట్టముతో ప్రైవేటు సంస్థలకు మరల ప్రవేశము లభించినది. నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే ఉన్నను, తెలుగునాట బ్యాంకు అప్పు అడిగినపుడు తప్ప ఇంటికి బీమా చేయించువారు తక్కువ.

ఖమ్మం - భద్రాచలం ప్రాంతము

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల మట్టమునకు చేరినది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం పట్టణములోని కాలనీలను ముంచివేసినది. ఇటువంటి వరదలలో స్లాబు ఇండ్లు చాలవరకు నిలుచును. పోవునవి బియ్యము, బట్టలు, ఫ్రిజ్, టి.వి., మంచాలు. కనుక కట్టడమునకు మాత్రమే ఉన్న పాలసీ ఇక్కడ సగము రక్షణయే.

సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి వంటి అటవీ అంచు ఊళ్ళలో మరొక చిక్కు కలదు. పాత అగ్ని బీమా టారిఫులో గడ్డి, ఆకులు, వెదురు, చెక్కలతో గోడలు గాని పైకప్పు గాని ఉన్న ఇల్లు "కచ్చా" నిర్మాణముగా లెక్కించబడి అదనపు ప్రీమియం పడేది. 2007 జనవరి 1 నుండి రేట్ల నిర్ణయము సంస్థలకే వదలబడినది. పైకప్పు దేనితో వేసినదో దరఖాస్తులో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. దాచినచో క్లెయిము తిరస్కరించబడవచ్చును. బీమా లేని కుటుంబమునకు మిగులునది విపత్తు సహాయము మాత్రమే: 2022-26 కాలపు కేంద్ర ప్రమాణముల ప్రకారము మైదాన ప్రాంతములో పూర్తిగా కూలిన ఇంటికి రూ.1,20,000, గుడిసెకు రూ.8,000.

భారత్ గృహ రక్ష

2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా సంస్థలన్నీ ఒకే నిబంధనలతో "భారత్ గృహ రక్ష" పాలసీని అమ్ముచున్నవి. ఇందు ఇంటి విలువ అనగా తిరిగి కట్టుటకగు ఖర్చు. స్థలము ధర కలపరాదు. ఇంటితో పాటు సామానుకు కూడ తీసుకొన్నచో, వివరాలు ఇవ్వకుండానే ఇంటి బీమా మొత్తములో 20 శాతము, గరిష్ఠముగా రూ.10 లక్షల వరకు, సామానుకు వర్తించును. అంటే రూ.25 లక్షల ఇంటికి రూ.5 లక్షల సామాను.

పూర్వము రూ.20 లక్షల ఇంటిని రూ.10 లక్షలకే బీమా చేసినచో, రూ.4 లక్షల నష్టమునకు రూ.2 లక్షలే దక్కెడివి. ఈ దామాషా కోత ఇపుడు తొలగించబడినది. ఇది చిన్న మార్పుగా కనబడినను పాలసీదారునకు మిక్కిలి మేలైనది.

వర్తించనివి

నగదు, వాహనములు, పత్రములు వర్తించవు. నగలకు విడిగా చెప్పి తీసుకొనవలెను. దొంగతనము ప్రమాదము జరిగిన 7 దినములలోపు, దాని కారణముగా జరిగినదైతేనే వర్తించును. మామూలు దొంగతనమునకు వేరే పాలసీ అవసరము. భూమి కుంగుట వర్తించును గాని నదీ కోత, తవ్వకముల వలన కలుగు నష్టము వర్తించదు. బొగ్గు గనుల చుట్టుప్రక్కల వారు ఈ మాట తప్పక చదువుకొనవలెను.

క్లెయిము

నష్టము జరిగిన వెంటనే సంస్థకు తెలుపవలెను. బురద కడుగుటకు ముందే ఫోటోలు తీయుట మంచిది, ఏలననగా సర్వేయరు వచ్చునాటికి ఆనవాళ్ళు మిగలకపోవచ్చును. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉన్నచో సొమ్ము మొదట బ్యాంకునకు చేరును. సంస్థ తిరస్కరించినను, నెలలోపు బదులీయకున్నను హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ఇందుకు రుసుము లేదు.