బాయి మీది ఓటు, ఊళ్లో ఓటు

2023 నవంబరు 30న గోదావరిఖనిలో అసెంబ్లీ ఓటు వేశాం. మా రామగుండం నియోజకవర్గంలో కాంగ్రెస్ అభ్యర్థి మక్కాన్‌సింగ్ రాజ్‌ఠాకూర్ భారీ ఆధిక్యంతో గెలిచారు. బొగ్గుబెల్టులోని మంథని, మంచిర్యాల, చెన్నూరు, బెల్లంపల్లి, భూపాలపల్లి కూడా ఆ పార్టీకే పోయాయి. నెల తిరగకముందే, డిసెంబరు 27న, సింగరేణి బొగ్గు గనుల్లో కార్మికుల గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. ఊపు మీదున్న కాంగ్రెస్‌కు అనుబంధమైన ఐఎన్‌టీయూసీదే గెలుపని చాలామంది లెక్కలు కట్టారు. గెలిచింది మాత్రం సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ, 1,999 ఓట్ల తేడాతో.

నేను బాయిలో, అంటే బొగ్గు గనిలో, సపోర్ట్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేశాక నా ఉద్యోగం నా కొడుక్కి వచ్చింది. వాడు ఆ రెండు ఎన్నికల్లోనూ ఓటు వేశాడు, రెండు వేర్వేరు పార్టీల వైపు. ఎందుకని అడిగితే చెప్పాడు: "బాపూ, ఎమ్మెల్యేను అసెంబ్లీకి పంపుతం. సంఘం పిట్ సెక్రటరీ రేపు పొద్దున ల్యాంప్ రూమ్ కాడ దొరుకుతడు. ఇద్దరితోటి పని వేరే కదా?"

బొగ్గుబెల్టు ఓటు ఎటు మొగ్గుతుందో చెప్పాలనుకునేవాళ్లు ముందుగా ఈ మాట అర్థం చేసుకోవాలి. ఇక్కడి కార్మికుడు తన మనసంతా మూటగట్టి ఏ ఒక్క జెండాకూ అప్పజెప్పడు.

సింగరేణిలో రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడం 1998లో మొదలైంది. అప్పుడూ, 2001లోనూ ఏఐటీయూసీ గెలిచింది. 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ. తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో గనులు ఆగాయి. ఆ ఊపులో 2012లో టీఆర్‌ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది. 2017లోనూ ఆ సంఘమే నిలిచింది. అయినా మరుసటి ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో రామగుండం టీఆర్‌ఎస్ అభ్యర్థిని కాదని, ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద నిలబడ్డ కోరుకంటి చందర్‌ను గెలిపించింది. సంఘానికొకటి, సర్కారుకొకటి అనే తీర్పు 2023లో పుట్టింది కాదు.

గుర్తింపు సంఘం ఎన్నిక రెండంచెల్లో ఉంటుంది. కంపెనీ మొత్తంలో ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘం గుర్తింపు సంఘం అవుతుంది. పదకొండు ఏరియాల్లో ఎక్కడికక్కడ గెలిచిన సంఘం ప్రాతినిధ్య సంఘం అవుతుంది. 2023లో ఐఎన్‌టీయూసీ ఆరు ఏరియాలు గెలిచింది, ఏఐటీయూసీ ఐదే. కానీ మొత్తం ఓట్లలో ఏఐటీయూసీదే పైచేయి. మా రామగుండంలోనే వన్, టూ ఏరియాలు ఏఐటీయూసీకి పోతే, సెంటినరీ కాలనీ ఉన్న త్రీ ఏరియా ఐఎన్‌టీయూసీకి దక్కింది.

ఇక పోలింగ్ సంగతి. 2023 డిసెంబరు 27న సుమారు 39,800 మంది ఓటర్లలో నూటికి 94 మంది ఓటు వేశారు. అంతకు నెల ముందు అసెంబ్లీకి రాష్ట్రం మొత్తంలో నూటికి 71 మంది; 2024 లోక్‌సభకు 66 మందికి కొంచెం తక్కువ. బాయి మీద ఓటు డబ్బా పని దగ్గరే ఉంటుంది, షిఫ్ట్ దిగినవాడు ఓటేసి ఇంటికి పోతాడు. ఓటర్ల జాబితా కంపెనీ రోల్ నుంచి వస్తుంది కాబట్టి అందులో ఉన్నవాడు ఉద్యోగంలో ఉన్నవాడే. ఊరి జాబితా అలా కాదు. రిటైరైనవాడు క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరికి పోతాడు, పేరు కాలనీలోనే ఉండిపోతుంది. పిల్లలు హైదరాబాద్‌లో పనికి కుదురుకుంటారు. వాళ్లందరినీ బద్ధకస్తులని తిట్టడం అన్యాయం.

బాయి ఓటుకు ఇంతమంది రావడానికి అన్నిటికంటే పెద్ద కారణం బతుకు. ప్రమోషన్, క్వార్టర్, మెడికల్ బోర్డు, కొడుకు ఉద్యోగం, లాభాల్లో వాటా: సంఘం మాట్లాడేది వీటి గురించే. 2024లో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం కార్మికులకు పంచారు. ఇంత దగ్గరి సంగతులు తేల్చే ఓటును ఎవరు వదులుకుంటారు?

అయితే ఆ ఓటు లేనివాళ్లు వేలల్లో ఉన్నారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు 40 వేలకు పడిపోయారు. ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, వాటితోపాటు కాంట్రాక్టు పనీ పెరిగింది. ఇప్పుడు పాతిక వేల మంది దాకా కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. 2022 సెప్టెంబరులో జీతాల కోసం సమ్మె చేశారు. 2024లో మొదటిసారి లాభాల నుంచి తలా 5,000 రూపాయలు అందుకున్నారు. గుర్తింపు ఎన్నికల జాబితాలో మాత్రం వాళ్ల పేర్లు లేవు. మా వాడకట్టులో ఒక తమ్ముడు నాతో అన్నాడు: "అన్నా, ఎమ్మెల్యేను ఎన్నుకోనీకి పనికొస్త, నా కూలి మాట్లాడేటోన్ని ఎన్నుకోనీకి పనికిరానా?"

నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అతను అడిగింది న్యాయం. నూటికి 94 అని మేం గర్వంగా చెప్పుకుంటున్నాం, చెప్పుకోవలసిందే. కానీ ఆ వందలో లెక్కకే రానివాళ్లను వదిలేసి చెప్పుకునే గర్వం సగమే. వాళ్ల కాంట్రాక్టర్లు వేరు కావచ్చు, జీతం చీటీ వేరు కావచ్చు. దుమ్మూ ప్రమాదమూ ఒకటే. కాంట్రాక్టు కార్మికులకు కూడా తమ ప్రతినిధులను రహస్య ఓటుతో ఎన్నుకునే దారి చూపాలి. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి గేట్ మీటింగ్ పెట్టే ప్రతి సంఘమూ ముందు దీని మీద తన మాట చెప్పాలి. చెప్పని సంఘాన్ని నిలదీయాల్సింది ఓటున్న కార్మికులే.