కయాక్ ప్యాడిల్ కొంటున్నారా? ముందు బరువు చూడండి, తర్వాత రాళ్లు చూడండి!

ఫోన్ 20 గ్రాములు ఎక్కువుంటేనే చెయ్యి లాగేస్తోంది అంటాం. మరి గంటసేపు ఆపకుండా తిప్పే ప్యాడిల్ సంగతేంటి? నిమిషానికి 40 స్ట్రోక్‌లు వేస్తే గంటకు 2,400. ప్యాడిల్ 300 గ్రాములు ఎక్కువైతే, ఆ గంటలో మీ భుజాల మీద పడే అదనపు బరువు అంతా కలిపి 720 కిలోలు!

మెటీరియల్‌ని బట్టి బరువులు సుమారుగా ఇలా ఉంటాయి:

అల్యూమినియం షాఫ్ట్, ప్లాస్టిక్ బ్లేడ్: 1 కిలో, ఆపైన. చవక, మొరటు వాడకానికి తట్టుకుంటుంది.
ఫైబర్‌గ్లాస్: 850 నుంచి 950 గ్రాములు. కొంచెం వంగుతుంది కాబట్టి భుజాలకు సుఖం.
కార్బన్: 650 నుంచి 750 గ్రాములు. చాలా తేలిక, కానీ రాయికి గట్టిగా కొడితే పగిలే ప్రమాదం ఉంది.

అందుకే తేలికైనదే బెస్ట్ అనుకోవద్దు. నీళ్ల మధ్యలో ప్యాడిల్ విరిగితే మీ ఇంజిన్ ఆగిపోయినట్టే. రాళ్లు లేని చెరువులో చాలా దూరం వెళ్తారా? కార్బన్ తీసుకోండి. రాళ్లు, లోతు తక్కువ నీళ్లా? ఫైబర్‌గ్లాస్ షాఫ్ట్, నైలాన్ బ్లేడ్ కాంబినేషన్ చాలు.

పొడవు చాలామందికి 220 నుంచి 240 సెంటీమీటర్లు సరిపోతుంది. కయాక్ వెడల్పుగా ఉంటే పొడవైనది తీసుకోండి. రెండు ముక్కల మోడల్ అయితే బిగించి ఊపి చూడండి, జాయింట్ కదలకూడదు. సముద్రంలో వాడాక విడదీసి మంచినీళ్లతో కడగండి. లేదంటే ఉప్పు, ఇసుక చేరి జాయింట్ పట్టేస్తుంది.

బడ్జెట్ టైట్ అయితే? ముందు మంచి లైఫ్ జాకెట్, ఆ తర్వాతే కార్బన్.