తుడిచినా పోని నల్లచుక్క

మానిటర్ మీద మచ్చ కనబడితే ముందు గుడ్డ పట్టుకుంటాం. తుడిచినా పోకపోతే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపి చూడాలి. అందులోనూ ఉంటే అది సాఫ్ట్‌వేర్ గీసిన మచ్చ. లేకపోతే వీడియో కేబుల్ పీకెయ్యండి. ‘నో సిగ్నల్’ అని వచ్చినప్పుడు కూడా అది అక్కడే కూర్చుంటే తప్పు మానిటర్‌దే.

మానిటర్ తప్పుతో పడే మచ్చలు పాత డబ్బా మానిటర్ల నాటినుంచీ ఉన్నవే. ఆ మానిటర్లకు మూలం 1897లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ చేసిన గొట్టం. ఎలక్ట్రాన్లు తగిలితే తెర లోపలి ఫాస్ఫర్ పూత వెలుగుతుంది. ఒకే బొమ్మను నెలల తరబడి ఉంచితే అక్కడి పూత నీరసించి, కరెంటు తీసేసినా జాడ కనబడేది. స్క్రీన్‌సేవర్ల అవసరం అందుకే వచ్చింది. ఎల్‌సీడీలు వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరినా, తెర మీద చేపలు ఈదుతూనే ఉన్నాయి.

ఎల్‌సీడీ కథ ఒక వృక్షశాస్త్రజ్ఞుడితో మొదలైంది. 1888లో ప్రాగ్‌లో ఫ్రెడరిక్ రైనిట్జర్ వేడిచేసిన పదార్థం 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉండిపోయింది, 178.5 దగ్గర తేటపడింది. ఆ మబ్బు దశే ద్రవస్ఫటికం. దాంతో పనిచేసే తెరను అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ లోకానికి చూపడానికి 1968 దాకా పట్టింది.

ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కోదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గదులు మూడు. ఏదో ఒక రంగులో మొండిగా వెలిగే చుక్క, అక్కడ రంగులు గబగబా మార్చి చూపిస్తే ఒక్కోసారి కుదురుకుంటుంది. అంచులు చక్కగా కోసినట్టున్న నల్లచుక్కకు మందు లేదు.

అంచులు మసకగా ఉండి, పక్కనుంచి చూస్తే కాస్త జరిగినట్టు అనిపిస్తే మాత్రం భూతద్దం తెచ్చుకోండి. కాళ్లు కనబడొచ్చు! యూరప్‌లో కోతల వేళ మిల్లీమీటరు పొడవుండే తామర పురుగులు వెలుతురుకు వచ్చి, అంచుల సందుల్లోంచి దూరి, గాజుకూ వెనకలైటుకూ మధ్య పొరల్లో ఇరుక్కుంటాయి. వరంగల్‌కు తామర పురుగును పరిచయం చేయనక్కర్లేదు. 2021లో నల్ల తామర పురుగు ఇక్కడి మిర్చి తోటలను ఊడ్చేసింది, ఎనుమాముల మార్కెట్‌కు సరుకు పంపే రైతునడిగితే చెబుతాడు. మానిటర్‌లో దూరింది ఆ రకమే కానక్కర్లేదు, అంతటి పురుగు ఏదైనా చాలు.

వేలితో నొక్కొద్దు, నలిగిందంటే అక్కడే అంటుకుపోతుంది. మానిటర్ ఆపి, గది చీకటి చేసి, పక్కన టేబుల్ లైటు వేస్తే బతికున్న పురుగు తనే బయటికి రావచ్చు. చచ్చిందైతే ప్యానెల్ పొరలు విప్పాలి. విప్పితే పురుగు పోయి దుమ్ము దూరుతుంది. చుక్క ఓ మూలనుంటే వదిలెయ్యడమే నయం.