ఊరి గోడును రాజునకు చూపిన భాగవతుల మేళము

నృత్యనాటక బృందములనగానే పట్టణములందలి కళాశాలలు, విద్యుద్దీపముల రంగస్థలములు మనకు స్ఫురించును. కాని ఊరూరు తిరిగి ఆటపాటలతో కథ చెప్పిన తెలుగు మేళములలో ప్రాచీనమైన ఒకదాని జాడ ఒక పల్లెటూరి వ్రాతలలో దొరకినది. ఆ కథ అయిదువందల యేండ్ల నాటిది. మన అరకులోయ తూర్పుకనుమల ఉత్తరభాగమున నున్నది. ఆ కథకు తావైన సిద్ధవటము అవే కనుమల దక్షిణభాగమున, లంకమల కొండల చెంత, పెన్నానది యొడ్డున కడప జిల్లాలో నున్నది.

కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) సర్వే పనిమీద దక్షిణదేశమున సంచరించుచు, కావలి సోదరులు మొదలగు తెలుగువారి సహాయమున గ్రామచరిత్రలను సేకరించెను. గుడిమాన్యములు, చెరువులు, పాలెగాండ్ర వంశములు మొదలైన వానిని గూర్చి గ్రామ కరణములు చెప్పిన సంగతులు వానిలో నెక్కినవి. వీనికే కైఫియతులని పేరు. పంచాయతీ దస్తరములు చూచువారికి ఈ వ్రాతలు పరాయివిగా తోచవు.

సిద్ధవటము సీమలోని మాచుపల్లి కైఫియతు చెప్పు సంగతి యిది. సమ్మెట గురవరాజు ఆ సీమను ఏలుచుండెను. ధనము రాబట్టుటకై అతడు ప్రజలను చిత్రవధ చేయించెడివాడు. ఆడువారి స్తనములకు చిరుతలు బిగింపించుటకు కూడ అతడు వెనుదీయలేదు. ఈ ఘోరము నెరిగిన భాగవతుల మేళమొకటి విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల సమ్ముఖమున కేళిక సలుపుటకు అనుమతి పొందెను. మేళములో ఒకడు గురవరాజు వేషము, ఇద్దరు భటుల వేషము, మరియొకడు స్త్రీవేషము ధరించి, సిద్ధవటమున జరుగుచున్న దానిని జరుగుచున్నట్లే ఆడి చూపిరి. రాయలు ఇదేమని విచారించి నిజమెరిగి, సైన్యమును పంపెను. గురవరాజు పట్టుబడి ప్రాణములు కోల్పోయెను.

ఇది 1502 నాటి సంగతి యనియు, ఆ మేళము కూచిపూడి వారిదనియు పలువురు పండితులు తలచిరి. మూడువందల యేండ్ల తరువాత కాగితమున కెక్కిన కథ గనుక దీనిని శాసనమంత గట్టిదిగా నెంచరాదు. అయినను, అన్ని తరములు ఆ సీమవారు దీనిని మరువకుండుటయే గమనింపదగినది. ఆ కాలమున అర్జీ పట్టుకొని పోయిన రైతునకు కోటవాకిలి దాటుట దుర్లభము. ఆటవారికో, తలుపులు తెరచుకొనును. ఇచ్చట వేషమే అర్జీ యైనది. ఆ ఆట గురవరాజు చెవిని ముందుగా పడియుండినచో ఆ నలువురి గతి యేమయ్యెడిదో ఊహించుకొనవచ్చును.

ఇంత సాహసము చేసినవారి పేర్లు మాత్రము కైఫియతులో లేవు. కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమును గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా భాగవతులకు అగ్రహారముగా నిచ్చెనని చెప్పుదురు. ఆ భూమి పంపకమునకై 1763లో వ్రాయబడిన పత్రమున వేదాంతము, వెంపటి, పసుమర్తి మొదలైన కుటుంబముల పేర్లు కానవచ్చును. ఆట ఆడినందుకు దక్కని లిఖితము భూమి పంచుకొనినందుకు దక్కినది!

మన కొండలలో థింసా ఆడువారి సంగతియు ఇట్టిదే. చైత్రమాసపు ఇటుకల పండుగనాడు ఒకరి నడుమొకరు పట్టుకొని ఆడెడి ఈ నృత్యమున పులిబారినుండి తప్పించుకొను తీరును చూపు బాగ్ థింసా కలదు. ఆకులేరు తీరును చూపు పోతర్‌తోల కలదు. ఒక ఊరివారు మరియొక ఊరికి పోయి, విందు గుడిచి ఆడుటను సంకిడి కేల్బార్ అందురు. కైఫియతులోని కేళికయు, ఈ కేల్బారును చెవికి చుట్టములవలె వినిపించుట ఒక వింత. అట్టి బృందము పొరుగూరు పోయినను, ఢిల్లీ పోయినను, కాగితములలో "గిరిజన నృత్యబృందము" అని మాత్రమే పడుచున్నది. పండుగ ఖర్చు వ్రాయు పంచాయతీ పుస్తకమున, ఆ యేడు మోరి ఊదినవారెవరు, తుడుము వాయించినవారెవరు, వరుసకు ముందు నిలిచి ఆడించినవారెవరు అని వ్రాయుటకు రెండు పంక్తులు చాలును.