పలకరాళ్ల దారికి ఏ చక్రం?

కంభంలోనో గిద్దలూరులోనో పాలక్యాన్లు తగిలించుకుని పోయే పాత నల్ల సైకిలు టైరును పక్కనుంచి చూడండి. 28 × 1½ అని అచ్చయి ఉంటుంది. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట దాని వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పుడు పెద్ద చక్రమని చెప్పి ఖరీదుగా అమ్ముతున్న 29 అంగుళాల మౌంటెన్ బైకు రిమ్ము అదే చోట 622. అంటే పాలసైకిలు రిమ్మే 13 మిల్లీమీటర్లు పెద్దది. మరి 29 ఎక్కడిదంటే, రెండంగుళాలకు పైగా లావున్న టైరు తొడిగాక బయటి కొలత అంతవుతుంది.

26 గొడవ ఇంకా చిత్రం. 26 × 1⅜ టైరుకు రిమ్ము 590 ఉండాలి, 26 × 1.95 టైరుకు 559. రెండూ ఇరవయ్యారే, కానీ ఒకదాని టైరు రెండోదానికి ఎక్కదు. ఇవి చాలవన్నట్టు నల్ల సైకిళ్లకు షాపుల్లో వినిపించే 22, 24 అనే అంకెలు చక్రానివే కావు, ఫ్రేము ఎత్తువి. టైరు మీద చిన్న అక్షరాల్లో 50-559 అనో 57-622 అనో ఉండే అంకె ఒక్కటే నమ్మదగింది. మొదటిది లావు, రెండోది రిమ్ము వ్యాసం.

ఈ వైపు నేల చక్రాన్ని గట్టిగానే పరీక్షిస్తుంది. మార్కాపురం రాయి పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టే బడిపిల్లల చేతిలో పలకయింది. నల్లమలలోని ఆ రాతి వరసకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టారు. ఆ గుణమే బాట మీద శత్రువు. నిలువుగా తేలిన పొరలు, కత్తి అంచుల పెంకులు, వాన పడితే జారుడు.

దారిలో ఐదు సెంటీమీటర్ల ఎత్తు రాయి అడ్డం వచ్చిందనుకుందాం. చక్రం మీద 40 కిలోల బరువుంది. ఆగి ఉన్న చక్రాన్ని ఇరుసు దగ్గర ముందుకు తోసి రాయి ఎక్కించాలంటే 26 అంగుళాలదానికి 25 కిలోల తోపు కావాలి, 29దానికి సుమారు 23½. ఐదడుగుల ఎద్దుబండి చక్రానికైతే 15 చాలు. బండి చక్రాన్ని అంత ఎత్తున చేసిన వడ్రంగులకు ఈ లెక్క సూత్రంగా తెలియకపోయినా చేతికి తెలుసు. 26కీ 29కీ మధ్య తేడా ఆరు శాతమే, ప్రకటనలు ఊదరగొట్టేంత కాదు. అయితే బాటంతా రాళ్లే అయినప్పుడు ఆ ఆరు శాతం ప్రతి రాయి దగ్గరా మిగులుతుంది. దానికి చెల్లించే ధర కూడా ఉంది. రిమ్ము, టైరు బరువెక్కుతాయి, వేగం అందుకోవడం ఆలస్యమవుతుంది, స్పోకులు పొడుగై చక్రం పక్కలకు ఊగుతుంది, మలుపులో సైకిలు మొండికేస్తుంది.

ఇంత లెక్క ఉంది గనక ఎవరో శాస్త్రీయంగా సైజులు నిర్ణయించి ఉంటారనుకుంటాం. అలా జరగలేదు. 1870ల నాటి ఎత్తు సైకిలుకు ముందు చక్రం ఎంతంటే తొక్కేవాడి కాలు ఎంత పొడుగో అంత, ఎందుకంటే పెడళ్లు నేరుగా దాని ఇరుసుకే ఉండేవి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు గొలుసుతో ఆ ముడి విప్పింది. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చాక కుదుపు తగ్గించడానికి పెద్ద చక్రమే దిక్కన్న అవసరమూ తగ్గింది.

అమెరికాలో 1933లో ష్విన్ కంపెనీ లావుపాటి బెలూన్ టైర్ల సైకిళ్లు తెచ్చింది. వాటి రిమ్ము 559. నలభై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతంలో జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ లాంటి కుర్రాళ్లు కొండ దిగడానికి ఆ పాత సైకిళ్లనే పట్టుకున్నారు. 1976లో మొదలైన వాళ్ల పందెం పేరు రీప్యాక్. ఒక్కసారి దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజంతా మాడిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. ఆ పేరు అందుకే. లావు టైరు, గట్టి రిమ్ము వాళ్లకు సులువుగా దొరికింది 26లోనే. ఆ దొరకడమే దాదాపు మూడు దశాబ్దాలు ప్రపంచానికి ప్రమాణమైంది. మన దగ్గర హీరో రేంజర్ లాంటివి ఆ చక్రం మీదే వచ్చాయి. 29 కూడా అంతే, 1999లో నానోరాప్టర్ అనే లావు టైరు వచ్చాకే సైకిళ్లు వచ్చాయి. ఫ్రెంచివాళ్ల పాత 584 రిమ్ముకు 2007లో కర్క్ పాసెంటి మౌంటెన్ టైరు చేయించాక అది 27.5గా మళ్లీ పుట్టింది. ప్రతిసారీ ముందు టైరు, తర్వాతే చక్రం. పాలసైకిలు 635 రిమ్ము కొండ ఎక్కకపోవడానికి కారణమూ ఇదే. దానికి పళ్లున్న లావు టైరు ఎవరూ చేసి పెట్టలేదు.

ఇక కలగలుపు. కానన్‌డేల్ కంపెనీ 1980ల్లోనే ముందు 26, వెనక 24 పెట్టి అమ్మింది. రిమ్మును పట్టే బ్రేకులున్న రోజుల్లో మాత్రం ఉన్న సైకిలుకు చక్రం మారిస్తే బ్రేకు కట్టె రిమ్ముకు అందదు. డిస్కు బ్రేకు హబ్బు దగ్గర ఉంటుంది, చక్రం ఎంతైనా దానికి ఒకటే. అది వచ్చాకే ప్రయోగాలు సులువయ్యాయి. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 2019లో మౌంటెన్ పోటీల్లో రెండు చక్రాలు రెండు సైజులుగా ఉండనిచ్చింది. ముందు 29, వెనక 27.5 అన్న జత అప్పటినుంచి ఊపందుకుంది.

ట్రాక్టరుకు పెద్ద చక్రం వెనక ఉంటుంది, లాగే పని దానిది కాబట్టి. సైకిలుకు తిరగేస్తారు, రాయి మొదట తగిలేది ముందు చక్రానికి కాబట్టి. వెనక చిన్నదైతే నిటారు దిగుడులో సీటు వెనక్కి జరిగినా పిర్రలకు టైరు తగలదు, మలుపు చురుగ్గా తిరుగుతుంది. పొట్టివాళ్లకు ఇది నిజమైన లాభం.

అయితే రెండు 29 చక్రాల కోసం గీసిన ఫ్రేముకు వెనకది మార్చేస్తే చాలనుకోవద్దు. ఇరుసు 19 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పెడళ్ల ఇరుసు సుమారు 12 దిగుతుంది, ముందు ఫోర్కు దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. మామూలు మట్టిరోడ్డు మీద తేడా తెలియదు గానీ తేలిన పలకరాళ్ల మధ్య ఆ 12 మిల్లీమీటర్లు పెడలుకు దెబ్బలుగా వినిపిస్తాయి.

నన్నడిగితే కంభం చెరువు చుట్టుపక్కల చేల బాటలకూ మార్కాపురం గనుల దారులకూ రెండూ 29 ఉన్న సైకిలు చాలు. ఎత్తు తక్కువైనవాళ్లు కంపెనీయే జతగా గీసిన ఫ్రేము చూసుకోవాలి. ఎప్పుడో ఒకసారి తొక్కేవాళ్లకు పాత 26 ఏం తక్కువ కాదు, దాని టైరు చిన్న ఊళ్లోనూ దొరుకుతుంది. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా సైకిలైనా లోపలికి తీసుకుపోకూడదు. చక్రం సైజుకన్నా ముందు ఆలోచించాల్సింది సర్కారు తుమ్మ ముల్లు గురించి. ట్యూబు లేకుండా లోపల అంటు ద్రవం పోసిన టైరైతే చిన్న ముళ్లను తనే పూడ్చుకుంటుంది. పలకపెంకు టైరును కోస్తే మాత్రం ట్యూబు వేయక తప్పదు. జత సైజుల సైకిలుకు రెండు ట్యూబులు మోయనక్కర్లేదు. 27.5 ట్యూబు కాస్త సాగి 29లో కూర్చుంటుంది, ఊరు చేరేదాకా నడుస్తుంది.