యుద్ధకాలంలో రైతు పిల్లలు

రెండవ ప్రపంచయుద్ధం జరుగుతూండగా, 1941 వేసవిలో, బ్రిటిష్ ప్రభుత్వం వారు దేశంలోని గడియారాలన్నీ సూర్యుడి లెక్కకు రెండు గంటలు ముందు ఉండేలాగు చేశారు. పగటి వెలుగును ఎక్కువగా వాడుకుంటే దీపాల ఖర్చు తగ్గుతుందనీ, జనం చీకటి పడకముందే ఇళ్ళు చేరుకుంటారనీ వారి ఉద్దేశం. మనుషులకు ఆజ్ఞ ఇచ్చారు, సరే. ఆవులకు ఎవరు చెబుతారు?

గడియారం అయిదు కొట్టినా ఆవులకు ఇంకా మూడే! పాలు తీసుకుపోయే బండి మాత్రం గడియారం ప్రకారం వచ్చేది. అందుచేత ఇంగ్లండులోని రైతు పిల్లలు కళ్ళు నులుముకుంటూ వెళ్ళి, పడుకుని ఉన్న ఆవులను అదిలించి పాకలోకి తోలుకురావలసి వచ్చేది.

గడ్డి సంగతి ఇందుకు వ్యతిరేకం. కోసిన గడ్డి మీది మంచు పూర్తిగా ఆరితేగాని కుప్ప వెయ్యరాదు. తడిగా వేస్తే, కుప్పలోపల వేడి పుట్టి, ఒక్కొక్కప్పుడు దానంతట అదే అంటుకుంటుంది. మంచు కూడా గడియారం చూడదు గదా! అందుచేత గడ్డిపని ఆలస్యంగా మొదలై, రాత్రి పది దాకా సాగేది. జూన్ నెలలో అక్కడ అప్పటికి కూడా వెలుగు ఉండేది. వేకువన ఆవులు, రాత్రి గడ్డి, మధ్య బడి. ఆ పిల్లలు ఎప్పుడు నిద్రపోయారో!

ఇంత పని ఎందుకు వచ్చిందంటే, యుద్ధానికి పూర్వం బ్రిటన్ తన తిండిలో చాలా భాగం ఓడల మీద తెప్పించుకునేది. ఆ ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచసాగాయి. 1940 జనవరిలో పంచదారకూ వెన్నకూ రేషను వచ్చింది. లక్షలాది ఎకరాల పచ్చికబీళ్ళు దున్నేశారు. పాలేర్లలో చాలామంది సైన్యంలో చేరారు. వారికి బదులు పట్నాల నుంచి ఆడపిల్లలు వచ్చి నాగళ్ళూ ట్రాక్టర్లూ పట్టారు. ఒక దశలో ఈ మహిళా భూసేనలో 80 వేల మందికి పైగా ఉండేవారు.

అయినా చేతులు చాలలేదు. 1942 లో, పన్నెండేళ్ళు నిండిన పిల్లలను ఏడాదికి 20 పూటల వరకు బడి మాన్పించి పొలానికి పంపవచ్చునని నిబంధన చేశారు. ముఖ్యమైన పని బంగాళాదుంపలు ఏరటం. యంత్రం సాలును తిరగేస్తూ పోతుంది. అది మళ్ళీ వచ్చేలోపల మీ వంతు దుంపలన్నీ బుట్టకెత్తాలి. తడిమట్టి, చలిగాలి; సాయంకాలానికి నడుము నిలవదు. కూలి డబ్బులు పిల్లలకు సంతోషమే. కాని పోయిన పాఠం ఎవరు చెబుతారు? ఉపాధ్యాయులు చాలామంది ఈ పద్ధతిని ఇష్టపడలేదు. వారి బాధ న్యాయమైనదే.

పిల్లలు చేసిన మరొక పని ఎంతో వింతైనది. ఓడలు రాక నారింజలు కరువైనాయి. సి విటమిన్ లేకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. ఆవులూ, కుక్కలూ ఈ విటమిన్‌ను తమ శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనకు ఆ శక్తి లేదు. అయితే పొలాల కంచెలలో పెరిగే అడవిగులాబీ ఎర్రని కాయలలో, బరువుకు బరువు చూస్తే, నారింజలో కన్న అది ఎన్నో రెట్లు ఉన్నది. బడిపిల్లలు వాటిని బుట్టలకొద్దీ కోసి ఇచ్చారు. వాటితో పానకం కాచి పసిపిల్లలకు పట్టారు. ఆ కాయలలోపల సన్నని నూగు ఉంటుంది. ఒంటికి తగిలితే ఒకటే దురద. పక్కవాడి చొక్కాలో దాన్ని వెయ్యని కుర్రవాడు అరుదు!

1940 జూన్ నుంచి చర్చి గంటలు మోగలేదు. శత్రువు దేశంలో దిగితేనే మోగించాలని ఆజ్ఞ. అవి మళ్ళీ వినిపించింది 1942 నవంబరులో, ఈజిప్టులో బ్రిటిష్ సేనలు గెలిచినప్పుడు.

1945 లో యుద్ధం ముగిసింది. కాని యుద్ధమంతా రేషను లేకుండా దొరికిన రొట్టెకు 1946 జూలైలో రేషను పెట్టారు. ఆ ఏడు కూడా పిల్లలు బుట్టలు పట్టుకుని బంగాళాదుంపలు ఏరటానికి వెళ్ళారు.